వర్చువల్ గ్లోబు సాఫ్ట్‌వేర్‌లో విద్యార్థి ప్రాజెక్టు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదావరి పాయ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను కాకినాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ మూడవ సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా సీ++ రాస్తున్నాను. మా నాన్నగారి ఎరువుల దుకాణానికి క్యూటీతో (కిటికీలు, బటన్లు ఉన్న ప్రోగ్రాంలు కట్టడానికి వాడే సీ++ లైబ్రరీ) ఒక ఖాతా పుస్తకం ప్రోగ్రాం చేసి ఇచ్చాను, ఆయన ఇప్పటికీ దానినే వాడుతున్నారు. గిట్ వాడటం వచ్చు గాని, ఇంతవరకు ఇతరులు రాసిన పెద్ద కోడ్‌లో నేను వేలు పెట్టింది లేదు.

పదవ తరగతిలో మా సోషల్ మాస్టారు గ్లోబు మీద ఒక దారం బిగించి పట్టుకొని, హైదరాబాదు నుంచి న్యూయార్కుకు దగ్గరి దారి నేరుగా పడమటికి పోకుండా ఉత్తర ధ్రువం వైపు ఎందుకు ఎక్కి దిగుతుందో చూపించారు. గోడ మీది పటంలో అదే దారి ఎందుకు వంకరగా కనబడుతుందో ఆ రోజు అర్థమైంది. గత నెలలో కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందం తయారుచేసిన మార్బుల్ అనే ఓపెన్ సోర్స్ గ్లోబును దించుకొని, ఆ రెండు ఊళ్ల మధ్య దూరం కొలిచే గీతను గీసి, గోళాకారంలోను సమతల పటంలోను మార్చి మార్చి చూశాను. మాస్టారి దారం తెర మీద కనబడింది. అప్పటి నుంచి, ఈ వేసవిలో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు (కొత్తవారు మెంటర్ల తోడుతో ఓపెన్ సోర్స్ కోడ్ రాస్తే భృతి ఇచ్చే పథకం) దరఖాస్తు చేస్తే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కే చేయాలని మనసు పడ్డాను.

నాకు మూడు ఆలోచనలు ఉన్నాయి. మొదటిది, గ్లోబు మీద ఊళ్ల పేర్లన్నీ తెలుగులో కనబడేటట్లు చేయడం. రెండవది, మార్బుల్ గీసే పద్ధతిని మొత్తంగా గ్రాఫిక్స్ కార్డు మీదికి మార్చడం. మూడవది, గోదావరి వరద ఎక్కడెక్కడికి వచ్చిందో సంవత్సరాల వారీగా చూపే ఒక పొరను చేర్చడం.

సందేహాలు కూడా ఉన్నాయి. ఇంతకుముందు ఒక్క మార్పు కూడా పంపని నాబోటి వాడిని ఎవరైనా ఎంచుకుంటారా? గణితం ఎంత లోతుగా రావాలి? మార్బుల్, సీజియంజేఎస్, నాసా వారి వరల్డ్ విండ్, ఈ మూడు గ్లోబులలో దేనిని పట్టుకోవడం మంచిది? ఈ దారిలో నడిచినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.


పాత కమిట్:

గోదావరి పాయ గారికి నమస్కారం. మీ మూడు ఆలోచనల కంటే, దారం గురించి మీరు రాసిన మాటే నాకు ఎక్కువ నచ్చింది. తెర మీద ఒక గీత వంగితే అది ఎందుకు వంగిందని అడిగే మనిషి ఈ పనికి తగినవాడని నా నమ్మకం.

మార్బుల్‌లో ఇప్పటివరకు విద్యార్థులు చేసిన పనులను గమనిస్తే, ఏది సాధ్యమో ఏది కాదో మీకే తెలుస్తుంది. కేఎంఎల్ ఫైళ్లను (పటం మీది స్థలాలు, గీతలు, ఆకారాలు రాసి పెట్టే ఫైళ్లు) చదివి గీయడం, గ్లోబుతో పాటు సమతల ప్రొజెక్షన్లను చేర్చడం, వాతావరణ సమాచారాన్ని, వికీపీడియా వ్యాసాలను గ్లోబు మీద చూపే ప్లగిన్లు రాయడం, అందరూ కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ప్రపంచ పటం సమాచారాన్ని బొమ్మల టైళ్లుగా (పటాన్ని కోసిన చదరపు ముక్కలుగా) కాక గీతలుగా, ఆకారాలుగా తీసుకొని అక్కడికక్కడే గీయడం, కేఎంఎల్ యాత్రలను తయారుచేసే ఉపకరణం ఇవ్వడం, ఇవన్నీ ఇలాంటి వేసవి పథకాలలో విద్యార్థుల చేతుల మీదుగా వచ్చినవే లేదా వారి చేతుల్లో పెరిగినవే. 2011లో ఐరోపా అంతరిక్ష సంస్థ కూడా సమ్మర్ ఆఫ్ కోడ్ ఇన్ స్పేస్ అనే పథకాన్ని మొదలుపెట్టింది. భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాలను మార్బుల్‌లో చూపే ప్లగిన్ ఆ పథకంలోనే తయారైంది. ఆ ప్లగిన్ రెండు వరుసల కక్ష్యా వివరాలను చదివి, ఎస్‌జీపీ4 అనే ప్రసిద్ధమైన లెక్క ప్రకారం ఉపగ్రహం ఇప్పుడు ఎక్కడుందో గణించి, ఆ చోట చిన్న గుర్తు పెడుతుంది. లోపలికి వచ్చే సమాచారం ఏమిటో, బయటికి కనబడవలసినది ఏమిటో మొదటి రోజే స్పష్టంగా ఉంది, మధ్యలో ఉన్నది ఒకే లెక్క. అందుకే ఒక వేసవిలో ఇమిడింది.

ఈ గీటురాయి మీద మీ రెండవ ఆలోచన నిలబడదు. మార్బుల్‌ను మొదలుపెట్టినప్పుడే, గ్రాఫిక్స్ కార్డు లేని సాధారణ కంప్యూటరు మీద కూడా భూగోళం సాఫీగా తిరగాలనే పట్టుదలతో గీసే పద్ధతిని ప్రాసెసరు మీదనే కట్టుకున్నారు. గోళం తిప్పడానికి క్వాటర్నియన్లు (తిప్పుడును లెక్కించడానికి వాడే నాలుగేసి సంఖ్యలు), టైళ్లను వరుస వరుసగా గోళం మీద పరిచే సొంత కోడ్, ఇవన్నీ ఆ నిర్ణయం చుట్టూ అల్లుకొని ఉన్నాయి. దానిని మార్చడమంటే పునాది మార్చడమే గనుక మూడు నెలల్లో ఇల్లు కూలుతుంది గాని కొత్తది లేవదు. మీ మూడవ ఆలోచన నిజానికి గ్లోబును వాడుకొనే పని, గ్లోబులో చేసే పని కాదు. వరద హద్దులను కేఎంఎల్‌గా రాస్తే మార్బుల్ ఇప్పుడే చూపగలదు. అయినా ఆ ఫైలును మాత్రం తయారుచేసి దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే మీకు బాగా తెలిసిన నేల మీద సొంత పరీక్షా సమాచారం ఉండటం ఎంత మేలు చేస్తుందో కోడ్ రాసేటప్పుడు తెలుస్తుంది.

నా అనుభవం ఒకటి చెప్పవలసి ఉంది. చాలా ఏళ్ల క్రితం నేనూ ఇలాంటి ఒక వేసవి పథకంలో ఎంపికయ్యాను (ఏ ప్రాజెక్టో ఇక్కడ అనవసరం). మే నుంచి జూలై చివరి దాకా కోడ్‌కు నేను విడిగా తీసుకున్న సొంత శాఖలో (బ్రాంచిలో) కూర్చొని నాలుగు వేలకు పైగా వరుసలు రాసి, అంతా పూర్తయ్యాకనే చూపించాలని పట్టుబట్టాను. చివరికి ఒకేసారి పంపినప్పుడు, ఈలోగా అందరి మార్పులూ చేరే ప్రధాన శాఖలో తరగతుల (క్లాసుల) పేర్లు, ఫైళ్ల అమరిక మారిపోయి ఉండటం వల్ల నా మార్పు అతకలేదు. అంత పెద్ద ప్యాచ్‌ను ఓపికగా చదివే తీరిక ఎవరికీ లేకపోయింది. నా మెంటర్ మంచివారు, తప్పు పూర్తిగా నాదే. ఆ కోడ్ ఈనాటికీ కలవలేదు, ఇప్పుడు అదెక్కడుందో కూడా తెలియదు. కాబట్టి ప్రపోజల్ రాసేటప్పుడు ప్రతి పదిహేను రోజులకు ప్రధాన శాఖలో కలిసిపోగల ఒక్కొక్క ముక్కను చూపండి. ఆరవ వారంలో మీకు జ్వరం వచ్చి పని ఆగిపోయినా, అప్పటిదాకా చేసినది వాడేవారికి అందాలి.

ఇంతకుముందు ఏమీ పంపనివారిని ఎంచుకుంటారా అన్నారు. ఎంచుకుంటారు, కాని దరఖాస్తు గడువు నాటికి మీరు అలాంటివారై ఉండకూడదు. గడువు సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో పడుతుంది గనుక, ఇప్పుడే మార్బుల్‌ను మూల కోడ్ నుంచి మీ యంత్రం మీద కట్టుకొని (బిల్డ్ చేసుకొని), పరీక్షలు నడిపి, ఒకటి రెండు చిన్న మార్పులు పంపండి. గూగుల్ పథకంలో పని పరిమాణం 90, 175, 350 గంటలు అని మూడు రకాలుగా ఉంటుంది. మీకు సెమిస్టర్ పరీక్షలు కూడా ఉంటాయి గనుక 175 గంటలది చాలు. 2022 నుంచి విద్యార్థులు కానివారికి, అంటే ఓపెన్ సోర్స్‌కు కొత్తగా వచ్చిన పెద్దలకు కూడా అవకాశం ఇచ్చారు కాబట్టి, ఉద్యోగానుభవం ఉన్నవారితో మీరు పోటీ పడవలసి రావచ్చు. దానికి భయపడవద్దు. కేడీఈకి సీజన్ ఆఫ్ కేడీఈ అనే సొంత పథకం కూడా ఉంది. అందులో గూగుల్ ఇచ్చేలాంటి భృతి ఉండదు గాని నేర్చుకొనే తీరు అదే, దారి చూపే మనుషులు కూడా ఇంచుమించు వారే.


అక్షాంశం పదిహేడు:

పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, గణితం గురించీ ఎంపిక గురించీ నాకు తెలిసినది చేరుస్తున్నాను. నేను హైదరాబాదులో పటాల సమాచారంతో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను.

ముందు ఎంపిక సంగతి. సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదో చూసే ముందు, దాని దగ్గర ఇప్పుడు మనుషులు ఉన్నారో లేదో చూడండి. నాసా వరల్డ్ విండ్ 2004లోనే వచ్చింది, జావాలోనూ ఆ తరువాత బ్రౌజరు కోసం జావాస్క్రిప్ట్‌లోనూ దానికి మంచి రూపాలు వచ్చాయి, ఎందరో విద్యార్థులు దాని మీద ప్రాజెక్టులు చేశారు. అయినా 2019లో నాసా దాని అభివృద్ధిని నిలిపివేసింది. కోడ్ ఇప్పటికీ అందరికీ అందుబాటులో ఉన్నది, చదివి నేర్చుకోవడానికి చాలా మంచిది, కాని మీ మార్పును చూసి కలిపే చేయి లేకపోతే వేసవి వృథా అవుతుంది. సీజియంజేఎస్ జావాస్క్రిప్ట్‌లో, బ్రౌజరులో గ్రాఫిక్స్ గీసే వెబ్‌జీఎల్ మీద నడుస్తుంది. 2012 నుంచి ఓపెన్ సోర్స్‌గా ఉంది, దాని వెనుక ఒక సంస్థ ఉంది, పని చురుకుగా సాగుతోంది. మీకు సీ++, క్యూటీ వచ్చు కాబట్టి మార్బుల్ మీ చేతికి దగ్గర. అయితే దరఖాస్తుకు ముందు గత ఆరు నెలల కమిట్లను (కోడ్‌లో చేరిన మార్పులను), కొత్తవారి మార్పులకు వచ్చిన జవాబులను తప్పక చూడండి, ఆ సంవత్సరం ఆలోచనల జాబితాలో మెంటర్ పేరు ఉన్నదో లేదో కూడా గమనించండి.

ఇక గణితం. ఇంటర్మీడియట్‌లో చదివిన త్రికోణమితి, వెక్టర్లు గట్టిగా వస్తే చాలావరకు సరిపోతుంది. ఒక్క లెక్క చేసి చూపుతాను, ఇది చేతితో చేసి చూస్తే టైళ్ల సంగతంతా బోధపడుతుంది. వెబ్ మెర్కేటర్ అనే, వెబ్ పటాలు వాడే సమతల పద్ధతిలో పదవ జూమ్ స్థాయి వద్ద ప్రపంచాన్ని అడ్డంగా 1,024, నిలువుగా 1,024 ముక్కలు చేస్తారు, అంటే మొత్తం 10,48,576 టైళ్లు. హైదరాబాదు రేఖాంశం సుమారు 78.49. దానికి 180 కలిపి, 360తో భాగించి, 1,024తో గుణిస్తే 735.26 వస్తుంది, కాబట్టి అడ్డం సంఖ్య 735. అక్షాంశం సుమారు 17.385. దాని టాంజెంట్, సీకెంట్ కలిపి సహజ లాగరిథం తీసి, పై (π) విలువతో భాగించి, 1 నుంచి తీసివేసి, సగం చేసి, 1,024తో గుణిస్తే 461 చిల్లర వస్తుంది. చార్మినార్ దాకా మిమ్మల్ని తీసుకుపోయే టైలు చిరునామా 10, 735, 461. ఒక జూమ్ స్థాయి పెరిగిన కొద్దీ ఒక్కొక్క టైలు నాలుగు టైళ్లవుతుంది.

రెండు చోట్ల మాత్రం అందరూ జారిపడతారు, నేనూ పడ్డాను. మార్బుల్ కోడ్‌లో ఒక స్థలాన్ని సూచించే తరగతి (క్లాసు) రేఖాంశాన్ని ముందు, అక్షాంశాన్ని తరువాత తీసుకుంటుంది, పైగా కొలమానం చెప్పకపోతే ఆ సంఖ్యలను రేడియన్లుగా భావిస్తుంది. మీరు డిగ్రీలు అనుకొని 78.49, 17.385 అని ఇచ్చి కొలమానం రాయడం మరిచిపోయారనుకోండి. 78.49 రేడియన్లలోంచి పూర్తి చుట్లు పన్నెండు తీసివేస్తే మిగిలేది సుమారు 177 డిగ్రీల తూర్పు రేఖాంశం, 17.385 రేడియన్లను అలాగే సర్దితే సుమారు 84 డిగ్రీల దక్షిణ అక్షాంశం. హైదరాబాదు పోయి అంటార్కిటికా మంచులో కూర్చుంటుంది. ఎక్కడా దోష సందేశం రాదు, గ్లోబు నిశ్శబ్దంగా తిరుగుతూనే ఉంటుంది, మీరు మాత్రం ఒక సాయంత్రమంతా ఊరు ఎక్కడికి పోయిందని వెతుకుతారు.

రెండవది, దశాంశాల సూక్ష్మత. భూమధ్యరేఖ వద్ద భూమి వ్యాసార్ధాన్ని 63,78,137 మీటర్లుగా తీసుకుంటారు. గ్రాఫిక్స్ కార్డులు సాధారణంగా వాడే 32 బిట్ల సంఖ్యలో అంత పెద్ద విలువ దగ్గర పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం అర మీటరు ఉంటుంది. అంటే ఇంటి గుమ్మం దాకా జూమ్ చేసినప్పుడు గుమ్మం అర మీటరు అటూ ఇటూ గెంతుతూ వణుకుతుంది. సీజియంజేఎస్ దీనిని తప్పించడానికి ప్రతి నిరూపకాన్ని పెద్ద భాగం, చిన్న భాగం అనే రెండు సంఖ్యలుగా విడగొట్టి కార్డుకు పంపుతుంది, కెమెరాకు సంబంధించిన తీసివేత ముగిశాకనే వాటిని కలుపుతుంది. మార్బుల్ స్థలాలను ప్రాసెసరు మీద 64 బిట్ల సంఖ్యలతో లెక్కిస్తుంది కనుక మీకు ఈ బాధ నేరుగా తగలదు, కాని గ్రాఫిక్స్ కార్డు మీదికి మారుద్దామన్న మీ రెండవ ఆలోచనకు దారిలో ఎదురయ్యే మొదటి గుంట ఇదే.

దోషాలు వెతకాలంటే 180 డిగ్రీల రేఖాంశం దగ్గర మొదలుపెట్టండి. ఫిజీలోని తవేయుని ద్వీపం మీదుగా ఆ రేఖ పోతుంది. ద్వీపానికి ఒక వైపు 179.9, మరో వైపు మైనస్ 179.9. జాగ్రత్త లేని కోడ్ ఆ రెండింటినీ కలపడానికి ప్రపంచమంతా చుట్టి ఒక అడ్డగీత గీస్తుంది. పటాలు గీసే ప్రతి సాఫ్ట్‌వేర్ ఏదో ఒక దశలో ఈ తప్పు చేసినదే.


ఒత్తుల పట్టిక:

మొదటి ఆలోచనను ఎవరూ ముట్టుకోలేదు గనుక నేను రాస్తున్నాను. నేను తెలుగు ఫాంట్ల మీద పని చేసేదానను, గ్లోబుల లోపలి సంగతులు పైవారిద్దరికీ తెలిసినంత తెలియవు.

పేర్లు తెలుగులో కనబడాలన్న కోరికలో మూడు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి, వాటిని విడదీయకపోతే ప్రపోజల్ కుదరదు. ఒకటి, తెలుగు పేరు సమాచారంలో ఉండాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి ఊరికి సాధారణ పేరు కాక, భాషను సూచించే ట్యాగుతో మరో పేరు రాయవచ్చు, తెలుగుకైతే ఆ ట్యాగు చివర టీఈ అనే రెండక్షరాలు వస్తాయి. జిల్లా కేంద్రాలకు ఇది దొరకవచ్చు, చిన్న గ్రామాలకు చాలాచోట్ల ఎవరూ రాసి ఉండరు. రెండు, ఉన్న పేర్లలోంచి వాడుకరి భాషకు తగినదాన్ని సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. మార్బుల్ మూల కోడ్‌లో చూడండి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం ఉన్న స్థలానికి వ్యవస్థ భాషను బట్టి పేరును ఎంచుకొనే భాగం ఇప్పటికే ఉన్నది. మీరు దీనినే ప్రాజెక్టుగా ప్రతిపాదిస్తే, ఉన్నదాన్ని చదవకుండా వచ్చారని తెలిసిపోతుంది. మూడు, ఎంచుకున్న పేరును తప్పు లేకుండా గీయాలి. నా మనసు ఉన్నది ఈ మూడవ దాని మీదనే.

క్యూటీ ఒక పూర్తి పదాన్ని ఒకేసారి గీసినప్పుడు తెలుగు చక్కగానే వస్తుంది, ఎందుకంటే ఒత్తులను, గుణింతాలను కూర్చే పనిని హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ చూసుకుంటుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, వేగం కోసమో వంపు కోసమో పదాన్ని అక్షరాలుగా ముక్కలు చేసి ఒక్కొక్క దానిని విడిగా గీసేచోట. బ్రౌజరులో నడిచే ఒక గ్లోబు మీద కొన్నేళ్ల క్రితం మన ఊళ్ల పేర్లన్నీ పెట్టి చూశాను. గుంటూరు, కడప, తిరుపతి, వరంగల్ బాగానే కనబడ్డాయి. శ్రీకాకుళం మాత్రం శ్‌రీకాకుళం అయింది, ఖమ్మం ఖమ్‌మంగా, నెల్లూరు నెల్‌లూరుగా విరిగిపోయాయి. ఒత్తు లేని పేర్లు బతికాయి, ఒత్తు ఉన్నవన్నీ విరిగాయి. కారణం పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ముక్కలు చేసే కోడ్ యూనికోడ్ పాత నియమాన్ని పాటిస్తోంది. ఆ నియమం పొల్లు తరువాత కోత పడనిస్తుంది, దాంతో శ్ ఒక ముక్క, రీ మరో ముక్క అవుతాయి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు పొల్లు దగ్గర కోయకూడదని కొత్త నియమం చేర్చారు, కాని పాత లైబ్రరీలను వాడే సాఫ్ట్‌వేర్‌లకు ఆ మేలు దానంతట అది అందదు.

వంపు తిరిగిన రహదారి వెంట, నది వెంట పేరు రాయవలసి వచ్చినప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఈ ప్రశ్న ఎదురవుతుంది. గోదావరి అనే పేరులో ఒత్తు లేదు గనుక ఎలా కోసినా తట్టుకుంటుంది. కృష్ణా తట్టుకోదు. మీరు గోదావరి ఒడ్డున ఉన్నారు కాబట్టి పరీక్షకు కృష్ణానే వాడమని నా సలహా. ఈ దోషం తెలుగుది మాత్రమే కాదు, హిందీ, బంగ్లా, మలయాళం రాసేవారందరిదీ. మెంటర్‌కు మన లిపి రాకపోయినా, రెండు చిత్రాలు పక్కపక్కన పెడితే ఏది విరిగిందో కంటికి తెలుస్తుంది.


గోదావరి పాయ:

మీ ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఐదు వారాల తరువాత తిరిగి రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. మీరు చెప్పినవి చేసి చూశాకనే రాయాలనుకున్నాను.

మార్బుల్‌ను నా ల్యాప్‌టాప్ మీద మూడవ ప్రయత్నంలో కట్టగలిగాను. మొదటి రెండుసార్లు క్యూటీ భాగాలు కొన్ని లేక కోడ్‌ను కట్టే ఉపకరణమైన సీమేక్ దగ్గరే ఆగిపోయింది. పరీక్షలన్నీ నడిపాను. అక్షాంశం పదిహేడు గారు చెప్పిన తవేయుని ద్వీపాన్ని తీసుకొని, 180 రేఖాంశాన్ని దాటే ఒక బహుభుజికి చుట్టుపెట్టె (ఆకారమంతా ఇమిడే దీర్ఘచతురస్రం) సరిగా వస్తుందో లేదో చూసే పరీక్ష రాశాను. నిజం చెప్పాలంటే అది విఫలమవుతుందని, నాకు ఒక దోషం దొరుకుతుందని ఆశపడ్డాను. పరీక్ష నెగ్గింది. దోషం లేదు. అయినా రెండు రోజులు ఆ కోడ్‌ను వరుస వరుసగా చదివినందువల్ల, అంతకుముందు ఎవరో ఎంత జాగ్రత్తగా ఆ గీతను దాటించారో చూసి నాకు చాలా గౌరవం కలిగింది. రేడియన్ల సంగతి ముందే చెప్పి ఉండకపోతే నా ద్వీపం కూడా ఎక్కడికో పోయేదే.

మా మండలం చూస్తే, ఇరవైకి పైగా గ్రామాల్లో ఆరింటికే తెలుగు పేరు ఉంది. నాకు స్వయంగా తెలిసిన పదకొండు గ్రామాల పేర్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చాను. ఇతర పటాల నుంచి చూసి రాయకూడదని అక్కడ నియమం ఉన్నందువల్ల, పంచాయతీ బోర్డుల మీద, బస్సుల మీద ఉన్న రాతనే ప్రమాణంగా తీసుకున్నాను. ఒక ఊరి పేరు బోర్డు మీద ఒక రకంగా, బడి గోడ మీద మరో రకంగా ఉంటే, ఆదివారం వెళ్లి అక్కడి పోస్టుమాస్టరు గారిని అడిగి తేల్చుకున్నాను. తెలుగు భాష పెట్టిన నా యంత్రంలో కొత్త సమాచారాన్ని తెరిచినప్పుడు, మా అమ్మమ్మగారి ఊరి పేరు గ్లోబు మీద తెలుగులో కనబడింది. అమ్మమ్మకు చూపించాను. ఆమె తెర మీద వేలు పెట్టి, చెరువు ఇంకా పడమటికి ఉండాలన్నారు. ఆమె చెప్పింది నిజమే, ఆ చెరువును కూడా సరిచేశాను.

ఇప్పుడు నేను అనుకుంటున్న ప్రాజెక్టు ఇది: వంపు వెంట పేర్లు రాసేచోట పదాన్ని కొత్త యూనికోడ్ నియమం ప్రకారం అక్షర గుచ్ఛాలుగా (ఒత్తుతో సహా విడదీయకూడని ముక్కలుగా) విడగొట్టడం, ఆ గుచ్ఛాల వెడల్పును హార్ఫ్‌బజ్ కూర్చిన తరువాతనే కొలవడం, తెలుగు, దేవనాగరి, బంగ్లా, మలయాళ లిపులకు చిత్రాలతో పోల్చి చూసే పరీక్షలు రాయడం. 175 గంటలకు ఇది మరీ చిన్నదవుతుందేమోనని భయంగా ఉంది. దీనికి తోడు మరేదైనా చేర్చాలా?


పాత కమిట్:

ఏమీ చేర్చవద్దు. పని చిన్నదిగా కనబడటానికి కారణం ఈ ఐదు వారాల్లో మీరు దానిని చదివి ఉండటమే. తెలియని పనులే పెద్దవిగా కనబడతాయి.

క్రమం మాత్రం మార్చండి. మీరు పరీక్షలను చివర పెట్టారు, వాటిని మొదటి రెండు వారాలకు తెండి. ముందుగా ఇప్పటి స్థితిలో నాలుగు లిపుల్లో ఏయే పేర్లు విరుగుతున్నాయో, ఏవి విరగడం లేదో పట్టికగా చూపే పరీక్షలను పంపి ప్రధాన శాఖలో కలిపించండి. విఫలమయ్యేవాటిని, విఫలమవుతాయని తెలిసినవిగా గుర్తించే సదుపాయం క్యూటీ పరీక్షా వ్యవస్థలోనే ఉంది. అటు తరువాత ప్రతి మార్పుతోనూ ఆ గుర్తులు ఒక్కొక్కటే తొలగిపోతాయి, మీ పని ఎంత నడిచిందో మెంటర్ అడగకుండానే తెలుస్తుంది. ఒకవేళ అన్నీ నెగ్గితే, తవేయుని మాదిరిగానే, మొదట్లోనే ఆ సంగతి తెలిసి మెంటర్‌తో మాట్లాడి దారి మార్చుకొనే వ్యవధి ఉంటుంది. ప్రపోజల్‌లో ఈ అవకాశాన్ని దాచకుండా రాయండి. అలా రాసినవారి లెక్కలను మెంటర్లు నమ్ముతారు.

చదివేవారికి తెలుగు రాదని గుర్తుంచుకొని, మొదటి పుటలోనే కృష్ణా అనే పేరు సరిగా ఉన్న చిత్రాన్ని, విరిగిన చిత్రాన్ని పక్కపక్కన పెట్టండి. మీరు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చిన పదకొండు గ్రామాలను, ఆ ద్వీపం పరీక్షను ఒక్కొక్క వాక్యంలో ప్రస్తావించండి. ఆ పరీక్ష ఇంకా మీ యంత్రంలోనే ఉంటే, నెగ్గిందని వదిలేయకుండా ఈ వారంలోనే పంపండి, రేపు ఎవరైనా ఆ కోడ్‌ను మార్చినప్పుడు అదే కాపలా కాస్తుంది. ప్రపోజల్ చిత్తుప్రతి సిద్ధమయ్యాక ఇక్కడ పెట్టండి. ఒత్తుల పట్టిక గారు లిపి సంగతులు, నేను వారాల లెక్కలు చూస్తాము.